చుక్క నెత్తురు చిందించని కత్తి

నేను ఒక మంగలి కత్తిని. పాత లారీ స్ప్రింగు పట్టీని కాల్చి, సాగగొట్టి, ఒక కమ్మరి నన్ను చేశాడు. మండపేటలో సింహాద్రి తండ్రి చేతుల్లో ఆరితేరాను. ఆయన పోయాక సింహాద్రికి దక్కాను. షాపుకొచ్చే అందరికీ బ్లేడే, ఒక్క కొండలరావు మాస్టారికి మాత్రం నేను. రిటైరైన డ్రిల్లు మాస్టారాయన. ముప్పై ఏళ్ళలో ఆ చెంపల మీద చుక్క నెత్తురు చిందించలేదు. గొప్పలు పోతున్నానంటారా? పోనివ్వండి, ఎలాగూ తల దించుకోబోతున్నాను.

మాస్టారికి గుండె రక్తనాళాలు మూడు చోట్ల పూడుకుపోయాయి, బైపాస్ ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టర్లు. ఛాతీ మీద వెంట్రుకలు తీసేస్తారని ఆయన చెవిన పడింది.

"ముక్కూ మొహం తెలీనోళ్ళు నన్ను గొరగడమేంట్రా సింహాద్రీ? నువ్వే కానియ్. పెరేడ్‌కెళ్ళినట్టు వెళ్ళాలి."

"ఆయ్, అలాగేనండి మాస్టారూ."

మెడ కింద నుంచి బొడ్డు దాకా సింహాద్రి నన్ను రెండుసార్లు నడిపించాడు. అద్దంలా నున్నగా వచ్చింది. మా ఇద్దరికీ ఎంత గర్వమో!

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ ఛాతీ చూసి మొహం చిట్లించింది.

"ఎవరండీ ఇది చేసింది?"

"నేనేనండి," అన్నాడు సింహాద్రి. అతని సంచిలో నేనూ ఉన్నాను.

"ఆపరేషన్ ముందు మేమే మెషిన్‌తో తీస్తాం. కత్తి పెడితే కంటికి కనపడని గాట్లు పడతాయి, వాటిలో క్రిములు చేరతాయి. ఈయనకి షుగర్, సిగరెట్లు, ఆ పైన బరువు. కుట్లు చీము పట్టి ఎముక దాకా దిగితే మనిషి దక్కడం కష్టం. గాట్లు మానేదాకా ఆగాలి."

"అందాకా గుండె ఆగుతుందాండీ?" అంది మాస్టారి భార్య వరాలమ్మ గారు.

డాక్టరమ్మ ఇక్కడే ఉంచి చూస్తామంది.

సింహాద్రి షాపు మూసేసి ఆసుపత్రి వరండా బల్ల మీద కూర్చున్నాడు. మాస్టారి దిండు కింద సిగరెట్ పెట్టె దొరికితే లాక్కుని, ఆయన్ని తిట్టినంత పని చేశాడు. ఆరో రోజు పొద్దున గుండెనొప్పి రానే వచ్చింది. గాట్లు అప్పటికి ఆరాయి, ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ బాగానే అయింది. వారానికి కుట్టు కింది కొసన ఎరుపు కనిపించింది. ఆ రెండు రోజులూ సింహాద్రికి ముద్ద దిగలేదు. చచ్చేంత భయం వేసింది నాకు. ఎరుపు తగ్గిందని నర్సు చెప్పగానే అతను గోడకానుకుని ఏడ్చేశాడు.

మూడు నెలలకి మాస్టారు గుబురు గడ్డంతో షాపుకొచ్చారు. సింహాద్రి బ్లేడు అందుకున్నాడు.

"నా కత్తేదిరా?"

"వద్దండి మాస్టారూ. దాన్ని పక్కన పడేశానండి."

"తియ్యి."

నన్ను మరిగే నీళ్ళలో వేసి తీశాడు. నురగ రాసి, భయం భయంగానే చెంపకి ఆనించాడు. దవడ దగ్గర కసుక్కున తెగింది. ముప్పై ఏళ్ళలో మొదటి చుక్క. సింహాద్రి మొహం పాలిపోయింది.

మాస్టారు అద్దంలోకి వంగి చూసుకున్నారు. ఛాతీ మీది కుట్ల మచ్చ కనపడకుండా చొక్కా పై గుండీ పెట్టుకున్నారు.

"ఈ గాటు కంటికి కనపడుతోందిగా, నయం. పటిక రాసి, రెండో చెంప కానియ్."