గెలలు రాలే తాళం

మణుగూరు బొగ్గుగని కార్మికుడి కొడుకు ఎల్లస్వామికి అశ్వారావుపేట దగ్గర ఒక పామాయిల్ మిల్లులో ఉద్యోగం. ఉడికిన పామాయిల్ గెలలను అక్కడ పెద్ద ఇనుప డ్రమ్ములో వేసి దొర్లిస్తారు. గెల పైకెళ్లి కింద పడ్డప్పుడల్లా పండ్లు ఊడి రాలతాయి. ఆ డ్రమ్ము పక్కన నిలబడి చూసుకోవడమే అతని పని. శనివారాలు భజన మండలిలో డోలక్ వాయించేవాడు. మండలిలో అందరూ మెచ్చుకునేవాళ్లు. డోలక్ అతని సొంతం మరి.

ఒకనాడు ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. థాయ్‌లాండ్‌లో ఏదో దీవి. సముద్రపు ఒడ్డున తెల్లవాళ్లు గుండ్రంగా కూర్చుని, ఆఫ్రికా డోళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని అరచేతులతో వాయిస్తున్నారు. ఆ విద్య నేర్పే గురువులను తయారుచేసే శిక్షణట. నేర్చుకుంటే ఏ దేశంలోనైనా బతకొచ్చట. వింటున్నవాళ్లలో ఒకామె కళ్లు మూసుకుని ఏడుస్తోంది. వాయిద్యం విని ఏడ్చే మనిషిని ఎల్లస్వామి అంతవరకు చూడలేదు. భజనలో కునికిపాట్లు పడేవాళ్లే అతనికి తెలుసు.

మిల్లు మానేశానని, డోలు నేర్చుకోవడానికి థాయ్‌లాండ్ పోతున్నానని చెప్పగానే తల్లి ఉప్పలమ్మ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది.

"డోలు కొట్టుడు గూడ నౌకరేనారా? దానికి విమానమెక్కాల్నా?"

"కెరీర్ అమ్మా."

"ఏంది?"

"నౌకరీ లెక్కనే. డ్యూటీ టైమింగ్ ఉండదు, గంతే."

"మరి జీతం?"

"ఇప్పుడైతే అది గూడ ఉండదు."

మిల్లులో కూడబెట్టిన పీఎఫ్ డబ్బుతో ఎల్లస్వామి దీవికి చేరాడు. ఆ శిక్షణ కేంద్రాన్ని నడిపేది ఇన్‌గ్రిడ్ అనే జర్మన్ ఆమె. మొదటిరోజు అందరినీ ఇసుకలో కూర్చోబెట్టి, ఈ విద్య ఎవరికి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమంది. ఒకతను సెనెగల్ గురువు పేరు చెప్పాడు. ఒకామె గతజన్మ నుంచి వచ్చిందంది. ఎల్లస్వామి వంతు వచ్చింది. ఖమ్మం అన్నాడు. ఎవరిలోనూ చలనం లేదు. భద్రాచలం అన్నాడు. అప్పుడూ లేదు. ఏం చెప్పాలో తోచక, అడవి పక్కన అన్నాడు. అందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు.

వాయించమన్నారు. భజన దరువు అందుకోగానే ఇన్‌గ్రిడ్ మర్యాదగా ఆపింది. ఇది తమ ఊళ్లో యోగా క్లాసులో రోజూ వినిపించేదేనట. అడవిది కావాలంది. ఎల్లస్వామి డోలును మోకాళ్ల మధ్యకు ఇంకాస్త లాక్కున్నాడు. అతని చేతులకు భజన కాక తెలిసిన చప్పుడు ఇంకొక్కటే ఉంది. ఏళ్ల తరబడి షిఫ్టుల్లో చెవిలో దూరిన చప్పుడు. ధబ్. ధబ్. గడగడగడ. ధబ్.

వాయించడం ఆపాక చూస్తే ఇద్దరు ఏడుస్తున్నారు.

"ఇది ఎప్పుడు వాయిస్తారు?" అని ఇన్‌గ్రిడ్ గుసగుసగా అడిగింది.

"పండ్లు రాలేటప్పుడు," అన్నాడతను వచ్చీరాని ఇంగ్లీషులో. అందులో అబద్ధమేమీ లేదు.

మర్నాటికి పేరులోని 'ఎల్ల' ఎగిరిపోయింది. స్వామి మిగిలాడు. ఇంగ్లీషు సరిగా రాక అతను మాట్లాడేది తక్కువ. అది మౌనవ్రతమనుకున్నారు. కారం లేని కూర సహించక అన్నం వదిలేస్తే ఉపవాసమనుకున్నారు. నేర్చుకోవడానికి వెళ్లినవాడు నెల తిరక్కుండా నేర్పేవాడయ్యాడు. 'స్వామి: అడవి ఫలాల తాళం' అని కేంద్రం ముందు బోర్డు పెట్టారు. ఎల్లస్వామి దాని కింద నిలబడి ఫోటో దిగి తల్లికి పంపాడు. సన్యాసుల్లో కలిసిండేమోనని ఉప్పలమ్మ రెండు రోజులు ఏడ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఈ తాళం పుట్టిన పల్లెకు శిష్యులను తీసుకెళ్తానని ఇన్‌గ్రిడ్ ప్రకటించింది. టికెట్లు కూడా కొనేసింది.

ఎల్లస్వామి ముందుగా వచ్చి నేరుగా దుమ్ముగూడెం అవతలి కోయగూడేనికి పోయాడు. అక్కడి పోతయ్య మంచి పేరున్న డోలు కళాకారుడు. సంగతంతా చెప్పి, మిల్లు తాళం మీదేనని ఒక్కపూట చెప్పండని బతిమాలాడు.

పోతయ్య ఓపికగా విన్నాడు. "పెండ్లికో దరువున్నది, పండుగకో దరువున్నది, సావుకో దరువున్నది. మిల్లుకు లేదు పిలగా."

వాకిట్లో విప్పపూలు ఎండబోస్తున్న కోడలు కన్నమ్మ మధ్యలో అందుకుంది. "రానియ్యి తమ్మీ. వస్తరు, బువ్వ తింటరు, పోతరు. మావోళ్లు మా డోళ్లు కొడతరు. మిల్లుది మాదని మాత్రం చెప్పం."

భద్రాచలం నుంచి రెండు జీపుల్లో వాళ్లు దిగారు. పోతయ్య, అతని తమ్ముడు పెద్ద డోళ్లు మెడకు తగిలించుకుని పెళ్లి దరువు ఎత్తుకున్నారు. కన్నమ్మ వాళ్లు చేతులు కలిపి వరుసగా ఆడారు. నేల అదిరింది. చుట్టాలొస్తే చేసే మర్యాదలన్నీ చేశారు.

ఇన్‌గ్రిడ్ చప్పట్లు కొట్టి పోతయ్య ముందు కూర్చుంది. తన మాటలు తెలుగులో చెప్పమని ఎల్లస్వామిని పిలిచింది. "చాలా బాగుంది. కానీ ఇందులో బయటి కల్తీ ఎక్కువ. స్వామి దగ్గరున్నది వేల ఏళ్ల నాటిది. మీరు దాన్ని పోగొట్టుకున్నారు. బాధపడకండి, మేం మళ్లీ నేర్పుతాం."

ఎల్లస్వామి తల గోక్కున్నాడు.

"ఏమంటున్నది?" అన్నాడు పోతయ్య.

"మీది మీకు మళ్ల నేర్పిస్తదట, పెద్దాయనా."

పోతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్‌గ్రిడ్ దాన్ని కృతజ్ఞత అనుకుని ఆయన చెయ్యి నొక్కింది.

ఎల్లస్వామికి తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే, వచ్చిన ఇంగ్లీషంతా వాడి, అది పామాయిల్ మిల్లు చప్పుడని చెప్పేశాడు. ఇన్‌గ్రిడ్ చిరునవ్వు నవ్వింది. నిజమైన గురువులు ఇలాగే పరీక్షిస్తారని శిష్యులకు చెప్పింది. వాళ్లు రాసుకున్నారు.

ఇక లాభం లేదని అందరినీ మిల్లుకే తీసుకుపోయాడు. సూపర్‌వైజర్ పాత పరిచయం కొద్దీ అందరికీ పసుపుపచ్చ హెల్మెట్లు ఇచ్చి లోపలికి పంపాడు. ఇనుప డ్రమ్ము దొర్లుతోంది. ధబ్. ధబ్. గడగడగడ. ధబ్. ఇప్పుడైనా అర్థమవుతుందని ఎల్లస్వామి ఎదురుచూశాడు. ఇన్‌గ్రిడ్ కళ్లు మూసుకుంది.

"చూశారా? ఇనుము కూడా అడవిని మరిచిపోలేదు," అంది. ఒకరి తర్వాత ఒకరు ఏడవసాగారు.

సూపర్‌వైజర్ కంగారుగా వచ్చాడు. "గీళ్లెందుకు ఏడుస్తున్నరే? ఎవలన్న పోయిండ్రా?"

"లేదన్నా. ఆవిరికి కండ్లు మండుతున్నయేమో."

దీవికి మళ్లీ రానని చెబితే ఇన్‌గ్రిడ్ పెద్దగా బాధపడలేదు. ఆ చప్పుడు ఆమె ఫోన్‌లోకి ఎక్కింది కదా. ఇప్పుడు ఆమే నేర్పుతోంది. స్వామి అడవిలో తపస్సుకు వెళ్లాడని శిష్యులకు చెప్పిందట.

మిల్లులో అతని చోటుకు వేరే మనిషి వచ్చాడు. ఎల్లస్వామి కొన్నాళ్లు తోటల్లో కూలికి గెలలు కోశాడు. క్షమించమని అడగడానికి ఒకరోజు గూడేనికి పోతే, పోతయ్య ఆ మాటే ఎత్తనివ్వలేదు. తమ్ముడికి భుజం పడిపోయిందని, ఎండాకాలం పెళ్లిళ్లకు డోలు మోసే మనిషి కావాలని చెప్పాడు. "నేర్సుకుంటవా? మాకాడ బోర్డులు గిట్ల పెట్టరు."

నేర్చుకున్నాడు. అరచెయ్యి తప్పు చోట పడితే పోతయ్య పుల్లతో మణికట్టు మీద ఒకటి వేసేవాడు. ఆ ఎండల్లో రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

మొదటి పెళ్లిలోనే దరువు మారేచోట ఒక దెబ్బ తప్పాడు. ఆడుతున్న ఆడవాళ్ల వరుస తూలి ఆగిపోయింది. కన్నమ్మ గిరుక్కున తిరిగింది.

"ఏంది తమ్మీ! గిట్ల కొడితే కాలు యాడెయ్యాలె మేము?"

పందిరంతా నవ్వింది. ఎల్లస్వామి సిగ్గుతో తలదించుకున్నా, లోపల ఎక్కడో సంతోషమే వేసింది. దీవిలో ఉన్నన్నాళ్లూ అతను ఎలా వాయించినా అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు. ఒక్కరూ తప్పు పట్టలేదు.

డోలు తాడు మెడ మీద సర్దుకున్నాడు. పోతయ్య చేతుల వంక చూస్తూ మళ్లీ అందుకున్నాడు. వరుస కదిలింది.