బోర్లా పడిన రోజు

పొద్దున స్టవ్వు తుడుస్తుంటే చేతిలోని గుడ్డ పర్రున చిరిగింది. చిరిగే హక్కు దానికుంది. అది మొదట మా మామగారు గోపాలప్పగారి నడుమున పంచె. తరవాత మా అమ్మాయి ఇంచర నడుమున లంగోటి. ఆ తరవాత కిటికీలకు, ఫ్యాను రెక్కలకు, సైకిలు చైనుకు, చివరికి నా స్టవ్వుకు వచ్చింది. సర్వీసు పెరిగేకొద్దీ హోదా తగ్గడంలో దాన్ని మించింది లోకంలో ఇంటి కోడలొక్కతే. రెండు ముక్కల్నీ రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. కళ్ళు తడిస్తే దాంతోనే తుడుచుకున్నాను. తొమ్మిదేళ్ళ జ్ఞాపకాలూ, నిన్నటి సాంబారు మరకా కలిసి ముఖానికంటుకున్నాయి.

మూటెడు గుడ్డల్లో మిగిలిన ఆఖరిది ఇదే. అదీ చిరగడానికి ఈ రోజునే ఎంచుకుంది. ఈ రోజు మా ఇంట్లో ఓళిగలు. మా పుట్టింట్లో బొబ్బట్లంటారు, తరాలుగా బెంగళూరులో ఉన్న మా అత్తగారి తెలుగులో ఓళిగలు. ఈ రోజు పండగా కాదు, ఎవరి పుట్టినరోజూ కాదు. ఎందుకో చెప్పాలంటే ఒక మాట దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

దత్తత అన్న మాటను ఒకసారి నిదానంగా పలికి చూడండి. మధ్యలో అత్త వినిపిస్తుంది. పెళ్ళయిన పదకొండేళ్ళకు నేనూ, మా ఆయన మహేశ్ ఆ మాట మొదటిసారి పైకన్నప్పుడు కూడా మా ఇద్దరి మధ్యలో ఆవిడే వినిపించింది. “ఎవురి రక్తమో ఏమో, ఆలోచన చేసినారా?” అంది మా అత్తగారు పార్వతమ్మగారు. రక్తం సంగతి నాకు కొత్తేం కాదు. నెలనెలా అది వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో అందరూ నా ముఖం చూడడం మానేసేవారు. ఆ తరవాత దరఖాస్తులు, మా వంటగది డబ్బాల్లో కూడా తొంగి చూసిపోయిన అధికారులు, మూడేళ్ళ ఎదురుచూపు. చివరికొక శిశుగృహంలో ఆయా తెచ్చి నా ఒళ్ళో పెట్టిన పిల్ల నా చూపుడువేలు పట్టుకుంది, బస్సులో పైకడ్డీ పట్టుకున్నట్టు గట్టిగా. అందరూ పిల్లల్ని కంటారు. మేము కనుక్కున్నాం.

ఐదో నెల పిల్ల. తిండి చాలక, చూడ్డానికి రెండు నెలల దానిలా ఉండేది. ఆఫీసులో సెలవడిగితే హెచ్ఆర్ అమ్మాయి ఎంతో మర్యాదగా కంప్యూటర్ చూసి, “మేడమ్, దత్తత సెలవు మూడు నెలల లోపు పిల్లలకే. మీ బేబీ కొంచెం ఏజ్డ్” అంది. నా జుట్టును అనకుండా నా పిల్లను అన్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక, నా సొంత సెలవులన్నీ ఊడ్చి పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆఫీసు లెక్కలో నా పిల్ల మరీ పెద్దది. మా అత్తగారి లెక్కలో మరీ చిన్నదని అప్పటికింకా నాకు తెలియదు.

ఫోన్లో చెప్పినప్పుడు అత్తగారు “ఊఁ” అని పెట్టేసింది. మర్నాడు నగర్తపేట నుంచి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాటుకు ఒక మూటతో ఆటో దిగింది. వాళ్ళది పంచెలూ తువ్వాళ్ళూ అమ్మే హోల్‌సేల్ కొట్టు. కొత్త గుడ్డకు కొదవలేని ఇల్లు. కానీ మూటలో ఉన్నవన్నీ మామగారి పాత పంచెలు. “పసిబిడ్డకు కొత్తది కట్టగూడదు. పెద్దోళ్ళు కట్టికట్టి మెత్తగయిన గుడ్డ కడితే, వాళ్ళ ఆయుస్సు బిడ్డకొస్తాది” అంటూ నేల మీద కూర్చుని, అంచును పంటితో కొరికి, ఒక్కొక్క పంచెనీ చర్రు చర్రుమని చింపింది. పంచెకు ఆ పేరెందుకొచ్చిందో అప్పుడు తెలిసింది, పంచడానికే. మెత్తని తెల్లని గుట్ట ఒకటి లేచింది. పధ్నాలుగేళ్ళుగా నా బట్టల తీగ మీద ఎప్పుడూ ఆరని గుడ్డలవి. రక్తం ఎవరిదని అడిగిన మనిషే తన ఇంటి పెద్ద పంచెలు తెచ్చి చింపుతుంటే, నాకిక కావలసిందేముందనిపించింది.

ఉందని వారం తిరక్కుండానే తెలిసింది. తొట్టెల శాస్త్రం చేసి పేరు పెడదామని మమ్మల్ని నగర్తపేటకు పిలిపించింది. కొట్టు మీద ఇల్లు, ఇంటి మీద మిద్దె. వెళ్ళగానే నన్ను లోపలి గదిలోకి లాగి తలుపేసింది.

“చూడు స్వప్నా. వచ్చే వారం అందరూ వస్తారు. నువ్వు నోరు తెరవొద్దు. ఎనిమిదో నెల్లోనే కాన్పయిపోయిందని, దిష్టి తగుల్తాదని ఎవురికీ చెప్పలేదని, అందరికీ చెప్పినా.”

“ఎవరికత్తమ్మా కాన్పయింది?”

“నీకే.”

“నాకు చెప్పనేలేదే!”

“నగుతావా? నగు. రేపు పిల్ల పెద్దదయినాక, యాడ్నించి తెచ్చినారో అని నలుగురూ దాని మొహం మీదే అంటారు చూడు, అప్పుడు నగుదువు.” ఆవిడ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. అది చూసి నేను మెత్తబడ్డాను. మెత్తబడిన గుడ్డను లోకం ఏం చేస్తుందో అప్పుడే కదా చూశాను, అయినా.

ఆ రోజు నుంచి నేను బాలింతను. తలకు గుడ్డ, చెవుల్లో దూది, ఏప్రిల్ ఎండలో శాలువా, చుట్టూ సాంబ్రాణి పొగ. ఇరుగమ్మ పొరుగమ్మ ఎవరొచ్చినా అత్తగారు నా చేతిలో గ్లాసు కూడా లాక్కునేది. “పచ్చి బాలింతమ్మా, నీళ్ళల్లో చెయ్యి పెట్టగూడదు, వాతం పడ్తాది.” వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు ఆగగానే, “ఆ బకెట్లో గుడ్డలు నానతా ఉండాయి చూడు. కూచుంటే ఎట్లా? నువ్వేమన్నా కన్నావా, నడుము నొయ్యడానికి?” జనం ముందర కన్నతల్లిని, బకెట్ ముందర కననితల్లిని. గుడ్డలు ముంచి, పులిమి, పిండి, మిద్దెక్కి దులిపి ఆరేసేదాన్ని. కులాలూ రక్తాలూ అని ఉచ్చనీచాలు మాట్లాడే ఆ ఇంట్లో నీచమంతా వాళ్ళ మాటల్లో ఉండేది, మొదటి రెండక్షరాలు మాత్రం నా వంతుకొచ్చాయి.

మహేశ్‌ని ఒకసారి అడిగాను, ఈ పూటకు నువ్వు ఉతుకుతావా అని. కొట్లోంచి కాఫీకని పైకొచ్చి ఉన్నాడు. “డిస్పోజబుల్స్ కొందాం అంటినే? పిల్లకు ఒరుసుకుపోతుంది, గుడ్డలే కడతానంటివి. నీ ఛాయిసే కదా?” అన్నాడు. నిజమే. ఛాయిస్ అన్న మాటను మొగవాళ్ళు ఎప్పుడు వాడతారో గమనించండి, పని మన మీద పడ్డాకే. మరి ఈ బాలింత వేషం ఎవరి ఛాయిస్ అంటే, “ఒక్క దినం అడ్జస్ట్ చేసుకో స్వప్నా. అమ్మ మన కోసమే కదా చేస్తా ఉండేది” అని కప్పు నా చేతికిచ్చి దిగిపోయాడు. ఆ కప్పు కూడా కడిగాను. కడుగుతూ అనుకున్నాను, రేపు ఒక్క దినం గడిస్తే చాలు. కానీ ఒక్క దినంతో అయ్యేదా అది? ఈ పిల్లకు మొదటి అబద్ధం నేనే చెప్తే, దాన్ని కాపాడడానికి ప్రతి ఏడూ ఇంకొకటి చెప్పాలి. ఎవరో వచ్చి దాని మొహం మీద అనకముందే, నేనే అన్నట్టవుతుంది కదా, నువ్వు వచ్చిన దారి దాచుకోవలసిందని.

తొట్టెల రోజు హాలు నిండిపోయింది. గోడవారగా చాప మీద నేను, నా ముందు పట్టుగుడ్డలో పిల్ల. పరిమాణం తెలియకుండా అత్తగారు దాన్ని మెడదాకా బిగించి చుట్టింది. “మూడు వారాలకే ఎంత కళగా చూస్తా ఉండాది!” అన్నారెవరో. మామగారి అక్క కెంపమ్మ నా పక్కనే కూర్చుని, “నొప్పులు ఎంతసేపు పడినావమ్మా?” అనడిగింది. నేను నోరు విప్పేలోగా అత్తగారు గది అవతల నుంచి, “ఆపరేషనొదినా, ఆపరేషను!” అని అరిచింది. నా కడుపుకు తెలియకుండా జరిగిన ఆపరేషను.

అంతలో పిల్ల తడిపింది. కంపెనీ డయపరయితే గుట్టుగా మింగేసేది. గుడ్డకు అబద్ధం చేతకాదు. తడి పట్టుదాకా పాకింది, పిల్ల గుక్కపట్టింది. విప్పక తప్పలేదు. చుట్టంతా విప్పి, తడిగుడ్డ లాగి పక్కన పెట్టి, పొడిది అందుకుందామని తిరిగాను.

తిరిగి చూసేసరికి పిల్ల కాళ్ళు పైకెత్తి ఉంది. ఒక పక్కకు ఒరిగింది. మొహం ఎర్రబడింది. ఒక చెయ్యి కిందపడి ఇరుక్కుంది. హాల్లో అందరూ చూస్తున్నారు. ఒక్క మూలుగు మూలిగి, దబ్బున బోర్లా పడింది. పడి, తలెత్తి, ఇంతమందీ నాకోసమేనా అన్నట్టు చుట్టూ చూసి నవ్వింది.

అదే మొదటిసారి.

తమలపాకుల చప్పుడు కూడా ఆగిపోయింది. మూడు వారాల పిల్ల బోర్లా పడడం ఆ హాల్లో ఎవరూ చూసి ఉండరు. “గాలికి ఒరిగిందిలే!” అంటూ అత్తగారు పరుగున వచ్చింది. వచ్చి, పిల్లను మళ్ళీ వెల్లకిలా తిప్పడానికి చెయ్యి చాపింది.

ఆ చేతిని పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానంటే, ఆ ఇంట్లో పిల్ల బోర్లా పడితే ఓళిగలు చేసి వీధంతా పంచుతారు. మహేశ్ బోర్లా పడ్డప్పుడు ఎన్ని పళ్ళేలు వెళ్ళాయో పెళ్ళయిన కొత్తలో నాకు కథగా చెప్పారు. నా కూతురు తన జీవితంలో సాధించిన మొట్టమొదటి విజయాన్ని, దొంగతనం బయటపడ్డట్టు తిరగేయబోతున్నారు. చెవుల్లోంచి దూది తీసేశాను. తల గుడ్డ విప్పేశాను. శాలువా చాప మీద పడింది. ఎన్నో రోజుల తర్వాత ఫ్యాను గాలి తగిలింది.

“గాలికి కాదత్తమ్మా. దానికి ఐదో నెల. తనంతట తానే బోర్లా పడింది. ఓళిగలు చెయ్యాలి” అన్నాను. కెంపమ్మ వైపు తిరిగి, “నేను కనలేదు పెద్దత్తా. తెచ్చుకున్నాం. ఎవరి బిడ్డ అంటారేమో, నా బిడ్డ” అన్నాను.

ఇద్దరు ముగ్గురు తాంబూలం తీసుకోకుండానే లేచారు. కెంపమ్మ లేవలేదు. కొంచెంసేపు పిల్లనే చూసి, “అట్లయితే నొప్పులే లేవా?” అంది.

“ఉండాయి పెద్దత్తా. పధ్నాలుగేండ్లు.”

“అయ్యో తల్లీ. నాకు పదునాలుగు గంటలకే ప్రాణం పోయినట్లాయ” అని, ఆవిడ పిల్ల వీపు నిమిరింది.

గుమ్మంలో మహేశ్ మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. “ఏం పనే ఇది, అందరి ముందరా…” అన్నాడు. తడిగుడ్డ తీసి అతని చేతిలో పెట్టాను. చాలా నెమ్మదిగానే అన్నాను, హాలు మరీ నిశ్శబ్దంగా ఉండబట్టి అందరికీ వినబడింది. “ఈ పిల్లని నేను కనలేదు. నువ్వూ కనలేదు. ఇద్దరం ఒకే రోజు, ఒకే బల్ల ముందు కూర్చుని అమ్మానాన్నలమయ్యాం. మరి బకెట్ ఒక్క నాదే ఎట్లయింది?”

అతను మెట్ల వైపు తిరిగాడు. చేతిలో గుడ్డ కారుతూ ఉంది. కాసేపటికి మిద్దె మీద నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం గోపాలప్ప కొడుకు పంచె ఎగ్గట్టి, మిద్దె మీద పసిపిల్ల గుడ్డలు ఆరేస్తుంటే ఎదురింటి మిద్దెల వాళ్ళందరూ చూశారు. ఒక్కటీ సరిగ్గా దులపలేదు, అన్నీ ముడతలే. నేను వెళ్ళి సరిచేయలేదు. అత్తగారు నాతో మాట్లాడకుండా, వంటింట్లో గిన్నెలన్నీ గట్టిగా పెడుతూ, శనగపప్పు ఉడికించి బెల్లం వేసి పూర్ణం రుబ్బింది. వీధంతా పళ్ళేలు వెళ్ళాక, మొదటి ఓళిగ తెచ్చి నా ముందు దబ్బున పెట్టి, “పిల్ల బోర్లా పడితే ఓళిగలంటివి. అందరి ముందరా నన్ను బోర్లా పడేస్తివి కదే, దానికేం చేస్తావు?” అంది. నేను సగం తుంచి ఆవిడ నోట్లో పెట్టాను. తిట్టబోయి, నమిలింది.

ఇంచర పుట్టినరోజు కాగితంలో ఒకటుంది. ఎముకలూ, మెడ నిలిపే తీరూ చూసి డాక్టర్లు వేసిన అంచనా. ఆ రోజు కేకు కోస్తాం, ఫోటో తీస్తాం. కానీ దానికి ఇష్టమైన రోజు ఇదే. అది పుట్టడం మాలో ఎవరం చూడలేదు. బోర్లా పడడం మాత్రం నగర్తపేట మొత్తం చూసింది. మామగారు పోయినా, వీధిలో సగంమంది వేరే పేటలకు వెళ్ళిపోయినా, అత్తగారు ప్రతి ఏడూ ఈ రోజున పూర్ణం, నెయ్యి పట్టుకుని మా ఫ్లాటుకు వస్తుంది.

బెల్లు మోగింది. మహేశ్ తలుపు తీశాడు. తొమ్మిదేళ్ళ ఇంచర అప్పటికే హాల్లో వెల్లకిలా సిద్ధంగా పడుకుని ఉంది. అవ్వ గుమ్మంలో అడుగుపెట్టగానే కాళ్ళు పైకెత్తి, ఒక మూలుగు మూలిగి, దబ్బున బోర్లా పడి తలెత్తి నవ్వింది.

“గాలికి ఒరిగిందిలే!” అంది అవ్వ, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతూ. ఆ నవ్వులో చేతిలోని గిన్నె వంగి, నెయ్యి నేల మీదికి కారింది.

నేను పెనం దగ్గరున్నాను. అలవాటుగా చెయ్యి చిరిగిన గుడ్డ మీదికి పోబోయింది. అంతలో హాల్లోంచి అత్తగారి కేక వినిపించింది.

“రేయ్ మహేశా, నెయ్యి ఒలికింది. గుడ్డ తీసుకురారా!”

పెనం మీద ఓళిగను రెండో వైపుకు తిప్పాను.