తపస్సుమాను మీద చిటపట

కార్వేటినగరం పక్కనున్న ఆ ఊళ్ళో పొయ్యిలు రాజేసే వేళకే తలలు చిటపటలాడేవి. తల వెనక, మెడకు కాస్త పైన, చిన్నమెదడని ఒకటుంది కదా! కాలు ఎప్పుడు ఎత్తాలో, చెయ్యి ఎక్కడ ఆపాలో సరిచూసేది అదే. దాన్లోని నరాల కణాలు గుంపుగా, ఒకే క్షణాన మెరిస్తేనే కదలిక సాఫీగా సాగుతుంది. మిగతా ఊళ్ళలో అవి చప్పుడు లేకుండా పనిచేస్తాయి. ఆ ఊళ్ళో మాత్రం పోపులో ఆవాలు చిట్లినట్టు వినబడేవి. మజ్జిగ చిలికే పంకజాక్షి తల వెనక అన్నీ జట్టుగా చిట్లేవి. కొత్తగా సైకిలు నేర్చుకునేవాడి తలలో వేటి దారి వాటిది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, భారతం ఉత్సవాలకు ముందు, పంకజాక్షి మొగుడు మునిరత్నానికి విషజ్వరం వచ్చింది. జ్వరం దిగాక గ్లాసు అందుకోబోతే చెయ్యి దాన్ని దాటిపోయింది. తల వెనక చిటపట చెల్లాచెదురుగా వినిపించింది.

ఏటా అర్జునుడి వేషం అతనిదే. తపస్సు ఘట్టం కోసం నాటిన తాటిచెట్టంత కొయ్యస్తంభాన్ని, అదే తపస్సుమానును, పద్యాలు పాడుతూ ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు విసరాలి. బిడ్డలు లేని ఆడవాళ్ళు ఉపవాసముండి, కాయ కొంగులో పడితే కడుపు పండుతుందని, తడిబట్టలతో కింద కొంగులు పట్టుకుని కాచుకుంటారు. ఆ పూట ఆడమనిషి మాను తాకకూడదని కట్టుబాటు.

“ఈ ఏడు వద్దయ్యో. నీ తలకాయ చెప్పేది నీకు ఇనపడలేదా?” అంది పంకజాక్షి.

“ఇనపడతానే ఉండాది లేమే. ఇన్నేండ్లు ఎక్కిన మాను, నా కాళ్ళకి దారి తెలీదా?”

“కాళ్ళకి దారి చూపేదే చెడిపోయిందంటా ఉంటే!”

అతను వినలేదు. సగం దాకా ఎక్కాడు. పద్యం నడిమధ్యలో ఆగిపోయింది. కాలు కొయ్యమెట్టు కోసం గాల్లో తడుముతోంది. కిరీటం ఊడి జనం మధ్యలో పడి పగిలింది. అంత ఎత్తునుంచి చెదిరిన చిటపట ఒక్కటే వినబడుతోంది.

పంకజాక్షి కొంగు బిగించి మాను పట్టుకుంది.

“అమ్మీ! మాను మైలపడతాది, దిగు!” ఊరిపెద్ద మునివెంకటప్ప అరిచాడు.

“మనిషి పడితే కడుక్కోను మీకు నీళ్ళు చాల్తాయా, పెదనాయనా?”

చకచకా ఎక్కి మొగుడి చీలమండ పట్టుకుంది. “నీది వదిలెయ్యి. నాది ఇను.”

ఎక్కాలు చదివే తరగతిలో వెనకబడ్డ పిల్లవాడు గొంతు కలిపినట్టు, అతని చిటపట మెల్లగా ఆమెదానిలో కలిసింది. ఆమె కాలు దింపితే అతని కాలూ దిగింది. నేల మీదికొచ్చి ఆమె చెయ్యి వదలగానే మళ్ళీ చెదిరిపోయింది. అతను మట్టిలో చతికిలబడ్డాడు.

“ఈ ఏటికింతే. పోండి,” అన్నాడు మునివెంకటప్ప.

తడిచీరలో ఉన్న తిరుమలమ్మ కదల్లేదు. “ఒట్టి కొంగుతో పొమ్మంటావా, నాయనా?”

మునిరత్నం భుజాన ఉన్న నిమ్మకాయల సంచి తీయబోయాడు. చెయ్యి తప్పింది. మళ్ళీ తప్పింది. ఎలాగో తీసి పెళ్ళాం మెడలో వేశాడు.

“పద్యం వస్తాదా?”

“రోజూ అన్నం పెడతా ఇనింది నేనే గదా!”

ఊరంతా చూస్తుండగా ఆమె పాడుతూ ఎక్కింది. ఎవరూ అడ్డుకోలేదు. పైనుంచి నిమ్మకాయలు రాలాయి. ఒకటి మునిరత్నం వైపే వచ్చింది. రెండు చేతులూ చాచాడు. అది వేళ్ళ పక్కనుంచి పోయి దుమ్ములో పడింది. కాసేపు దానికేసే చూసి, తలెత్తి గట్టిగా అరిచాడు:

“ఇంకొంచెం ఎడంపక్కకి ఇసరు మే! తిరుమలమ్మ ఆడుండాది!”