సాక్ష్యంలో చెప్పని పగలు

పౌలు అయినప్పటి నుంచి మా ఆయనకు ఆదివారం తెల్ల చొక్కానే కావాలి. శనివారం అన్నం వార్చిన గంజి పక్కన పెట్టి, చల్లారాక చొక్కా ముంచి, దులిపి ఆరేస్తాను. కాలరు దగ్గర చిన్న ముడత ఉన్నా ఒప్పుకోడు. "నలుగుర్లో నిలబడి మాట్లాడేవాణ్ణి" అంటాడు. నిజమే. తనకల్లు ఊళ్లో జరిగిన సువార్త సభల్లో మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకుని వెంకటేశులు కాస్తా పౌలు అయ్యాక, చుట్టుపక్కల ఏ ఊళ్లో కూటం జరిగినా ఆయన సాక్ష్యం ఉండాల్సిందే. ఆ సాక్ష్యంలో నేనూ ఉంటాను. నా చెవి ఉంటుంది.

"నేను తాగుబోతును. తాగిన మైకంలో నా భార్య చెవి పగలగొట్టినాను. సాతాను నా చెయ్యి పట్టుకోనుండె. అట్లాంటి నన్ను గూడా ప్రభువు క్షమించినాడు" అంటాడు. క్షమించినాడు అనే దగ్గర గొంతు వణుకుతుంది. ప్రతి ఊళ్లోనూ అక్కడే వణుకుతుంది. జనం స్తోత్రం అంటారు. ఆడవాళ్లు నా వైపు తిరుగుతారు. ఏ చెవో తెలియక రెండూ చూస్తారు. నేను కొంగు సర్దుకుంటాను. సభలో నన్ను "జయంతమ్మగారు" అంటాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ "ఏమే, అన్నం పెడతావా లేదా" అంటాడు.

ఈ శనివారం చొక్కా ఆరేస్తుంటే ఏదో గొణుగుడు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన నా ఎడమ పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. ఊరూరా నా చెవి గురించి చెప్పే మనిషికి, అది ఏ చెవో ఇంట్లో గుర్తుండదు.

"చెప్పేది ఇనపడల్యా? రేపు నువ్వు గూడా లేసి రెండు మాటలు చెప్పాల."

"ఏం చెప్పాల?"

"క్షమించినానని. ఇంగేం చెప్తావు? నన్ను సంఘపెద్దను చేస్తాండారు. ఇంట్లో శాంతి సమాధానం ఉండాదని భార్య నోటితో చెప్పియ్యాల. మన సంఘంలో అదే పద్ధతి కదా."

అదా సంగతి అనుకున్నాను. రెండు రోజులుగా బిందెలు తనే ఎత్తి పెడుతున్నాడు. కూర బాగుందని కూడా అన్నాడు. ఆ మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

అరుగు మీద విత్తనం వేరుశనక్కాయలు ఒలుస్తున్న మా అత్త ఆంజినమ్మ మధ్యలో అందుకుంది. "తాగేది మానె. కొట్టేది మానె. ఇంగేం గావాల్నే నీకు? మా కాలంలో మానినోడు ఒక్కడన్నా ఉండెనా? మీ మామ అయితే సచ్చినంకనే మానె."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

సాయంత్రం పాస్టరు అయ్యగారు వచ్చారు. మంచి మనిషి. కాఫీ తాగి, గ్లాసు తనే తొట్టి దగ్గర పెట్టారు. "అమ్మా జయంతీ, మనం క్షమించకుంటే దేవుడు మనల్ని ఎట్ల క్షమిస్తాడు? పట్టుకోని కూచుంటే నీకే బరువు కదమ్మా" అన్నారు. ఆ గొంతులో బెదిరింపు లేదు. అందుకే నాకు భయమేసింది. బెదిరిస్తే ఎదురు చెప్పడం తెలుసు. మెత్తగా అడిగితే, తప్పు నాలోనే ఉందేమో అనిపిస్తుంది.

నిజంగానే ఉందేమో. మారిన మనిషిని అనుమానించడమూ పాపమేనేమో. ఆయన తాగడం మానిన మాట నిజం. చెయ్యి ఎత్తడం లేదన్నదీ నిజం. కానీ నేను ఇప్పటికీ వంగి ఊడుస్తూ ఆయన చేతులు ఎక్కడున్నాయో చూసుకుంటాను. సాక్ష్యంలో ఆయన కన్నీళ్లు చూస్తే నమ్మాలనిపిస్తుంది. మళ్లీ పక్క ఊళ్లో అదే మాట దగ్గర అవే కన్నీళ్లు చూస్తే నమ్మబుద్ధి కాదు. వీటన్నిటి కింద ఇంకో సంగతి ఉంది. అది ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చెవి పోయిన రోజు ఆయన తాగి లేడు.

బోరు ఎండిన ఏడాది అది. మా చేను కౌలుకు తీసుకుని టమోటా పెడదామని తిప్పయ్య వచ్చాడు. బోర్లో రెండించుల ధారకు కొదవ లేదని ఈయన చెబుతున్నాడు. నేను కాఫీ అందిస్తూ, "యాడివి నీళ్లు? పోయిన వారమే మోటారు గాలి పీల్చె కదా" అన్నాను. కావాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. తిప్పయ్య పగలబడి నవ్వి, "ఏమప్పా వెంకటేశులూ, మీ ఇంట్లో నిజం చెప్పే డిపార్టుమెంటు ఆయమ్మదా?" అన్నాడు. ఈయనా నవ్వాడు. తిప్పయ్యను రోడ్డు దాకా సాగనంపి వచ్చాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, దాన్ని మళ్లీ తీగ మీద వేశాడు. తలుపు మూశాడు. ఆ తర్వాత కొట్టాడు. ఎండ నడినెత్తిన ఉన్న వేళ. ఆయన నోట్లో నేనిచ్చిన కాఫీ వాసన తప్ప ఇంకే వాసనా లేదు.

అప్పటి నుంచి నా ఎడమ చెవిలో ఎండిన బోరు గాలి పీల్చే మోతే.

అప్పటికి మా ఇంట్లో ప్రభువు గుడికి పోయేది నేనొక్కదాన్నే. ఆ ఆదివారం దూదితో చెవి మూసుకుని గుడిలో వెనక కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. "చూసినావా?" అని ఒక్కటే అడిగాను. చూసినాను అన్నట్టు అనిపించింది. ఎవరి గొంతూ వినపడలేదు, వెలుగూ కనపడలేదు. నేను లేచి ఏమీ చెప్పక్కర్లేకుండానే, ఏ పరీక్షా పెట్టకుండానే, జరిగింది జరిగినట్టు చూసినవాడు ఒకడున్నాడని నెమ్మది కలిగింది. నాకు తెలిసిన కృప అంతే. దాని మీదే ఇన్నాళ్లూ బతికాను. అందుకే నాకు అర్థం కాదు. అన్నీ చూసినవాడి ముందుకు ఈయన చెయ్యని పాపం ఒకటి తీసుకెళ్లి క్షమాపణ ఎలా తెచ్చుకున్నాడు? తాగుడు మీద, సాతాను మీద వేసిన పాపానికి క్షమాపణ దొరికితే, చేతులు కడుక్కుని చేసిన పాపం ఎక్కడికి పోతుంది? నా చెవిలోనే ఉంటుంది. దేవుడు ఆయన్ని క్షమించడానికి నేను అడ్డం కాదు. కానీ నా వాటాకు రావాల్సిన మాట ఇంకా రాలేదు. రాని దానికి నేను ముట్టినట్టు ఎలా చెప్పను?

ఆదివారం గుడి నిండా జనం. రేకుల కింద ఫ్యాన్లు వేడి గాలినే తిప్పుతున్నాయి. ఆయన లేచి మొదలుపెట్టాడు. నేను ఆశగానే విన్నాను. ఈ రోజైనా, నేను ఎదురుగా ఉన్నాను కదా, ఆ పగలు జరిగింది చెబుతాడేమో అనుకున్నాను. "తాగిన మైకంలో" అన్నాడు. గొంతు వణికింది. స్తోత్రం అన్నారు.

అయ్యగారు నా వైపు తిరిగి, "అమ్మా, లేచి నీ మనసులో మాట చెప్పు" అన్నారు. అయ్యగారి భార్య అమ్మగారు మైకు తెచ్చి చేతికిచ్చి, నా వీపు నిమిరింది. లేచాను. మగవాళ్ల వరుసలోంచి ఆయన నా వైపు చూస్తూ తల ఊపాడు, పిల్లలకు పద్యం అందించేటప్పుడు ఊపినట్టు. మా అత్త కొంగుతో కళ్లు తుడుచుకోవడానికి ముందే సిద్ధంగా ఉంది. నలుగురి ముందు నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ సంగతి తెలిసే మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"అయ్యగారూ, ఆ పొద్దు మా ఆయన తాగిండలేదు. ముందు అది చెప్పమనండి. ఆ తర్వాత నన్నడగమనండి."