మా గయ్యాళి

వేడినీళ్లు పడి చెయ్యి కాలిన నా ఆరేళ్ల మనవరాలికి ఆసుపత్రిలో పెద్ద పేరే వచ్చింది. కట్టు మార్చేటప్పుడు కిక్కురుమనేది కాదు. రాత్రంతా కళ్లు తెరుచుకుని పైకప్పుకేసి చూస్తూ పడుకునేది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని పక్క మంచం ఆవిడ అంటే నేనూ పొంగిపోయాను. ఇంట్లో దాని నోటికి జడిసి చచ్చేవాళ్లం మరి.

పిల్లల డాక్టరమ్మ మాత్రం మెచ్చుకోలేదు. "అది బుద్ధి కాదు పెద్దమ్మా, భయం. నొప్పి మందుతో పాటు భయం తగ్గడానికి కూడా ఒక మందు రాస్తాను" అంది.

నాకు ఒళ్లు మండింది. "కాలింది చెయ్యయితే మందు మనసుకా? మా పిల్లకి పిచ్చేం లేదు!" అని ఎగిరిపడ్డాను. నా కోడలు నా చేతిలోని చీటీ లాక్కుని వెళ్లి మందు తెచ్చింది.

రెండు రాత్రులు పిల్ల కంటినిండా నిద్రపోయింది. మూడో రోజు పొద్దున నర్సు కట్టు విప్పబోతే, వార్డు దద్దరిల్లేలా అరిచింది.

"ఆగు! నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు!"

నర్సు కత్తెర పక్కన పెట్టి, నవ్వుతూ కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే తల్లీ, నువ్వు చెప్పాకే."

"అయ్యో, ఇంత మంచి పిల్ల ఇలా అయిపోయిందేంటి?" అంది పక్క మంచం ఆవిడ.

జవాబు చెప్పబోయాను. మనవరాలు నా వైపు తిరిగి కసిరింది. "నానమ్మా, నువ్వు మధ్యలో మాట్లాడకు!"

కళ్లు తుడుచుకుని, నా జన్మలో మొదటిసారి, సంతోషంగా నోరు మూసుకున్నాను.