ఆర్లీన్ బూట్లు కదలని పాట

అమెరికాలో పాటల ఊరైన నాష్‌విల్‌లో పొద్దున పదింటికి రికార్డింగ్ అంటే తొమ్మిదిన్నరకే వాయిద్యాలవాళ్లంతా వచ్చి కాఫీలు పోసుకుంటారు. స్వరాలు రాసుకునే ఓపిక వాళ్లకుండదు. ఒకటి, నాలుగు, అయిదు అని అంకెలు గీసిన కాగితం ఒక్కటి చాలు. ఏ శ్రుతిలో వాయించాలో నోటిమాటతో తేల్చుకుంటారు.

స్టూడియోలో నడిమి మైకు ముందు ఆర్లీన్ టాకెట్ ఎర్ర బూట్లు పెట్టారు. ఆవిడ పోయి పదకొండేళ్లు. ఆవిడ పాటలు పన్నెండు ఏరి, ఆవిడ జ్ఞాపకంగా ఆల్బమ్ చేస్తున్నారు. పాట కుదిరితే బూట్లు వాటంతటవే తాళం వేస్తాయి. కుదరకపోతే గమ్మునుంటాయి. చప్పుడు రికార్డులో పడకుండా వాటి కింద పాత కంబళి పరిచారు. పదకొండు పాటలు అలాగే ఒప్పించుకున్నారు.

పన్నెండోది మొండికేసింది.

ఆ పాటకు వంత పాడటానికే డెల్ఫియా కూంబ్స్‌ని పిలిపించారు. డెబ్భై ఒకటో ఏడు. వారమంతా చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని, శనివారాలు ఆర్లీన్‌కు వంత. అలా ముప్పై ఏళ్లు. ఆ ఫ్యాక్టరీ సమ్మెలో ఆడవాళ్లు పద్నాలుగు వారాలు గేటు ముందు నిలబడితే, ఆర్లీన్ దమ్మిడీ తీసుకోకుండా వచ్చి వాళ్లతో నిలబడి పాడింది. ఈ పన్నెండో పాటకు అసలు గొంతు ఎవరో పేరున్న గాయని తర్వాత వచ్చి ఇస్తుందట. డెల్ఫియా వంతు వంత వరకే.

అదీ అందడం లేదు. ఆరుసార్లు పాడింది. ఆరుసార్లూ పైకి పోయేచోట గొంతు చీలింది. బూట్లు ఉలకలేదు.

ఆల్బమ్ చేయిస్తున్న వెండెల్ రికార్డింగ్ మీటలుండే గాజు గదిలోంచి బయటికొచ్చాడు. నలభై ఏళ్లవాడు, మర్యాదస్తుడు.

"మిస్ డెల్ఫియా, కాస్త విశ్రాంతి తీసుకోండి. మధ్యాహ్నానికి ఇంకో అమ్మాయిని పిలుస్తాను. మీరేం అనుకోకండి."

"అనుకోక? ముసలిదైంది, పనికిరాదు అంటున్నావు. ఫ్యాక్టరీవాడూ ఇంత మెత్తగానే చెప్పాడు నాయనా."

వెండెల్ ముఖం ఎర్రబడింది. "అలా కాదండీ. రికార్డులో పాట ఎంత ఎత్తులో ఉందో ఒక్కసారి వినండి, మీకే తెలుస్తుంది."

పాత రికార్డు పెట్టాడు. డెల్ఫియా ఆ రికార్డు ముఖం చూసి నలభై ఏళ్లు దాటింది. వచ్చిన కొత్తలో ఒకసారి విని, ఎందుకో నచ్చక మళ్లీ వినలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుని వింది. రెండో చరణం కాకముందే లేచి నిలబడింది.

"ఇది ఆర్లీన్ కాదు."

"ఆవిడేనండీ. అట్ట మీద ఫొటో కూడా ఉంది."

"ఫొటో సంగతి నాకెందుకు? ఆర్లీన్ గొంతు నిండు గొంతు. ఇది పన్నెండేళ్ల పిల్ల గొంతులా ఉంది. ఒడెల్, నీ వేలు ఆ రికార్డు అంచున ఆనించు. మెల్లగా."

ఒడెల్ స్టీల్ గిటార్ వాయిస్తాడు. పాతికేళ్లుగా ఆవిడంటే భయమూ, వేళాకోళమూ రెండూ ఉన్నవాడు. "గీత పడితే నీ జేబులోంచే కట్టాలి" అంటూనే వేలు ఆనించాడు.

తిరుగుడు తగ్గింది. పాట బరువెక్కింది. సన్నని గొంతు మెల్లగా దిగి దిగి, ఒకచోట నిండుగా, ఎండలో నిలబడి అరిచి అలిసిన మనిషి గొంతై నిలిచింది.

కంబళి మీద బూటు మడమ ఒకటి లేచి పడింది.

"ఆపకు, అలాగే ఉంచు" అంది డెల్ఫియా. కోపంతో వెండెల్ వైపు తిరిగింది. "రేడియోలో పాట మూడు నిమిషాలు దాటకూడదని టేపు జోరుగా తిప్పేశారు కంపెనీ దొంగముఖాలు. మాకొక మాట చెప్పలేదు. మా ఊపిరి కూడా కత్తిరించి అమ్ముకున్నారు. ఇన్నేళ్లూ దాన్ని విని మీరంతా నేర్చుకున్నారు. ఇందాక నేనూ నా గొంతే పోయిందనుకున్నాను."

వెండెల్ రికార్డు ఆపాడు. తర్వాత వాయిద్యాలవాళ్ల వైపు తిరిగి, "అందరూ శ్రుతి అర మెట్టు కిందికి. నిదానంగా" అన్నాడు. ఏ శ్రుతికైనా అంకెలు అవే కాబట్టి కాగితం మార్చే పనే లేదు. ఎవరి తీగలు వాళ్లు సరిచూసుకున్నారు.

డెల్ఫియా వంత అందుకుంది. పైకి పోయేచోట గొంతు చీలలేదు. మెట్టెక్కి దిగినంత తేలిగ్గా వెళ్లి వచ్చింది. బూట్లు కంబళి అదిరేలా తాళం వేశాయి. డ్రమ్స్ అతను నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాడు.

పాట అయ్యాక బూట్లు ఆగలేదు. కంబళి దిగి ఎడమకు రెండడుగులు, వెనక్కి ఒకడుగు వేసి అక్కడ కుదురుకున్నాయి. ఆర్లీన్‌కు ఎడమవైపు, ఒకడుగు వెనక. డెల్ఫియా ముప్పై ఏళ్లు నిలబడింది సరిగ్గా అక్కడే.

నడిమి మైకు ఖాళీ అయింది.

"ఏం చూస్తున్నావ్? పోయి నిలబడు. ఇవాళ వంత ఆవిడదట" అన్నాడు ఒడెల్.

"నేనెప్పుడూ ముందు నిలబడి పాడలేదురా."

"వంటింట్లో కూడానా?"

"వంటింట్లో ఎవరు పాడరు?"

వెండెల్ అప్పటికే గాజు గదిలోకి వెళ్లి ఫోన్ తీశాడు. పేరున్న గాయని తాలూకు మనిషికి చెబుతున్నాడు, ఆవిడ రానక్కర్లేదని, గొంతు దొరికిందని.

డెల్ఫియా మైకు దాకా వెళ్లి, మైకుకడ్డీని తన ఎత్తుకు దించుకుంది. తర్వాత గాజు గది వైపు వేలు చూపించింది.

"ముందే తేల్చు వెండెల్. ముప్పై ఏళ్లలో ఒక్క అట్ట మీద నా పేరు లేదు. దీని మీద ఉంటుందా?"

"ఉంటుందండీ."

"ఆర్లీన్ పేరంత అక్షరాలతో?"

వెండెల్ బూట్ల వైపు చూశాడు. ఎడమ బూటు కొన రెండుసార్లు నేలను కొట్టింది.

"అంతే అక్షరాలతో" అన్నాడు.

"అయితే కానివ్వండి" అంది డెల్ఫియా.