వల కింద అంకె

ట్యాంకు మీద వల కప్పాడంటే వాడేదో తప్పు చేశాడన్నమాటే అని హడర్స్‌ఫీల్డ్ ఊరి మోడల్ క్లబ్బులో ఒక సామెత. అక్కడి సామెతలన్నీ ఒకరి బొమ్మను చూసి ఒకరు కుళ్ళుకున్నప్పుడు పుట్టినవే. అరచేతిలో ఇమిడే యుద్ధట్యాంకుల, లారీల బొమ్మలు చేసి ఏడాదికోసారి చర్చి వెనక గదిలో పోటీకి పెట్టే ఆ పద్నాలుగు మంది ముసలివాళ్ళలో, క్లిఫర్డ్ ముప్పై ఏళ్ళుగా, యుద్ధంలో శత్రువు కంటపడకుండా కప్పే ఆ వలను ఏ బొమ్మ మీదా కప్పలేదు. దాచుకోవాల్సిన అవసరం ఆయన కుంచెకు ఎప్పుడూ రాలేదు. ఈ ఏడు కప్పుతున్నాడు.

ఈస్టర్ నుంచి కుడిచెయ్యి వణుకుతోంది. ట్యాంకు పక్కభాగం మీద వేయాల్సిన తెల్ల అంకెను సన్నకుంచెతో మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ తుడిచాడు. నాలుగోసారి వంకరగానే ఆరిపోయింది. డాక్టరు ఏమన్నాడో భార్య డోరీన్‌కి తెలుసు. ఆవిడ టీ కప్పు సగమే నింపి ఇవ్వడం మొదలుపెట్టింది. క్లబ్బులో మాత్రం ఎవరికీ తెలియదు. తెలిస్తే జాలిపడతారు. చూపు తగ్గిన ఆల్బర్ట్‌ని అలాగే మంచి కుర్చీలో కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి, కుంచె మాత్రం ముట్టుకోనివ్వలేదు. నాలుగు నెలల్లో ఆయన రావడం మానేశాడు. క్లబ్బు కలిసే గురువారం సాయంత్రాలు అలా చేజారిపోతే తాను బతికేది ఎందుకో క్లిఫర్డ్‌కి తోచలేదు.

వల కోసం మందుల షాపులో గాజుగుడ్డ కట్టు కొన్నాడు. పోగు విడిచి పోగు లాగి, గుడ్డలో కంతలు పెద్దవి చేశాడు. చిక్కటి టీలో నానబెట్టి, ఆరాక నీళ్ళు కలిపిన తెల్లజిగురు పూసి, పైన ఆకుల్లా సన్నటి కాగితం పీలికలు చల్లాడు. అంకెకు పనికిరాని చెయ్యి ఇక్కడ అక్కరకొచ్చింది. పీలికలు ఒకచోట గుబురుగా, ఇంకోచోట పలచగా, తోటలో ఆకు రాలినట్టు పడ్డాయి. కావాలని చల్లితే అలా పడవు.

"ఆ జిగురేదో ఇంకాస్త వేసి ట్యాంకుకే అతికించెయ్యరాదూ? ఎవడు చూడొచ్చాడు?" అంది డోరీన్.

"రూలు ఒప్పుకోదే. జడ్జి ట్వీజర్లతో ఎత్తి చూస్తాడు. వల లేవాలి."

"ఈ ఏడు జడ్జి ఎవరు?"

"రేమండ్."

రేమండ్ క్లిఫర్డ్‌కి ప్రాణస్నేహితుడే. కానీ బొమ్మ దగ్గర కన్నతల్లిని కూడా వదిలే రకం కాదు. సొంత బావమరిది లారీకి అద్దం ఒకటి తక్కువైందని మార్కులు కోసి, రెండు క్రిస్మస్ విందులు పోగొట్టుకున్నాడు.

ఆవిడ పడుకున్నాక క్లిఫర్డ్ జిగురు సీసా మూత తీశాడు. కాసేపు ట్యాంకు వంక చూసి మళ్ళీ బిగించేశాడు. ముప్పై ఏళ్ళు చేయని దొంగపని ఇప్పుడు చేయబుద్ధి కాలేదు.

పోటీ రోజున క్లబ్బులో నోరు ఊరుకోని గెరాల్డ్ ముందే అందుకున్నాడు. "ఏంట్రా క్లిఫ్, పెళ్ళికూతురికి ముసుగేసి తెచ్చావ్? మొహాన మచ్చేమైనా ఉందా?"

అందరూ నవ్వారు. రేమండ్ నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, వంగి, ట్వీజర్లతో వల అంచు పట్టి ఎత్తాడు. క్లిఫర్డ్ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. జేబులోనూ అది ఆగలేదు. రేమండ్ అంకెను చూశాడు. తర్వాత జేబును చూశాడు. పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు వలను మెల్లగా దించాడు.

"కింద ఏముందిరా?" అన్నాడు గెరాల్డ్.

"ట్యాంకుంది. పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డమొస్తున్నావ్."

బహుమతి క్లిఫర్డ్‌కి రాలేదు. అందరూ వెళ్ళిపోయాక, గదిలో బల్లలు మడిచే వేళ, రేమండ్ మార్కుల కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. వలకు పదికి పది. రేమండ్ చేతిమీదుగా ఎవరికీ పది రాగా క్లిఫర్డ్ చూడలేదు. రంగుకు పదికి రెండు. ఆ రెండును చూస్తే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. జాలి మార్కు ఒక్కటి కూడా లేదు.

"ఎప్పట్నించి?" అన్నాడు రేమండ్.

"ఈస్టర్ నుంచి."

"నాక్కూడా చెప్పకూడదా?"

"చెప్తే నన్ను కూడా ఆల్బర్ట్‌ని చేసేస్తారని."

"ఆల్బర్ట్ విషయంలో తప్పు చేశాం. అది నాకూ తెలుసు." రేమండ్ ఒక బల్ల మడిచి గోడకు ఆనించాడు. "నేను వల చేస్తే నూనె రాసి దువ్విన జుట్టులా వస్తుందిరా. పదేళ్ళుగా ఎవరికీ చూపించకుండా పారేస్తున్నా. గురువారం గాజుగుడ్డ తెస్తాను, నేర్పు. నీ అంకెలు నేను వేస్తా."

"నీ అంకెలు లావుగా ఉంటాయి."

"రెండు మార్కులోడివి, నాకు చెప్పొచ్చావ్."

క్లిఫర్డ్ నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆపుకోలేదు. రేమండ్ చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"కాగితం పీలికలు నువ్వు కోస్తావా, నన్ను కొయ్యమంటావా?" అన్నాడు.